బుగ్గ నిండల్ల, నువ్వు దూకల్ల

నన్ను మొట్టమొదట జుట్టు పట్టుకుని లాగిన ఆడపిల్ల జయంతి. కోపంతో కాదు, నేను మునిగిపోతుంటే.

అది తొంభై ఎనిమిది వేసవి. సెలవులకని ధర్మవరం నుంచి ముదిగుబ్బ పక్కన ఉన్న మా అవ్వ వాళ్ల ఊరికి వెళ్లాను. ఊరి వెనక కొండ కింద నీటిబుగ్గ ఉండేది. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండి పిల్లలకు క్రికెట్ గ్రౌండ్లైనా, అక్కడ మాత్రం అడుగు నుంచి నీళ్లు ఊరుతూనే ఉండేవి. ఆ అడుగు ఎక్కడుందో ఎవరూ చూడలేదు. మధ్యలో నీళ్లు నల్లగా ఉండేవి, అంచున కాలివేళ్లు కనిపించేంత తేటగా ఉండేవి. కాళ్లు పెట్టి కూర్చుంటే చిన్న చేపలొచ్చి కొరికేవి. ఆ నీళ్లతో అయితేనే కందిబ్యాళ్లు మెత్తగా ఉడుకుతాయని మా తిప్పమ్మవ్వ వంటకు వేరే నీళ్లు ముట్టేది కాదు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఊరి పిల్లను చేసుకునేవాడు అందరూ చూస్తుండగా ఒడ్డునున్న పెద్దగుండు బండ ఎక్కి బుగ్గలోకి దూకాలి. వాడు పైకి తేలాకే తాంబూలాలు.

ఆ సెలవుల్లో ఒకరోజు నేనూ దూకాను. పెళ్లి కోసం కాదు, గొప్ప కోసం. ఈత నేర్చుకునే పిల్లల్లాగా వీపుకు బెండ్లు కట్టుకున్నాను. ముడి నేనే వేసుకున్నాను. బెండ్లు ఊడి పైన తేలాయి, నేను కిందికి పోయాను.

ఎవరో జుట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చారు. చూస్తే జయంతి, మా జయరాముడు మామ కూతురు.

"ముడి ఏసుకునేది రాదు గానీ దూకేదానికొచ్చినాడు!" అంది రొప్పుతూ. "నీకు మా ఊరి పిల్లను ఎవురూ ఇయ్యరు పో బావా!"

"మీ ఊరి పిల్ల ఎవురికి కావల్ల?" అన్నాను, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే.

మర్నాటి నుంచి జయంతే నా బెండ్లకు ముడి వేసింది. ఆ సెలవులే కాదు, తర్వాతి సెలవులూ అంతే. నేను మాత్రం ఈత నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఆ పిల్ల చేత ముడి వేయించుకునే పని ఉండదు కదా!

తర్వాత వరసగా కొన్నేళ్లు వానలు లేవు. ఊరి చుట్టూ బోర్లు దిగాయి. బుగ్గ ఏడాదికింత కిందికి జారింది. ఒకరోజు అడుగు కనిపించింది. నాలుగు రాళ్లు, తుప్పు పట్టిన బొక్కెన, అంతే. ఆ రోజు అవ్వ అన్నం తినలేదు.

రెండువేల ఐదు ఎండాకాలంలో మా అమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లి పిల్లనడిగింది. అప్పటికి నాకు ధర్మవరంలో సెల్‌ఫోన్ షాపు ఉంది. మామ వెంటనే ఒప్పుకున్నాడు.

"బుగ్గ ఎండిపాయ, దూకే పని ల్యా. అదృష్టమంటే నీదేనప్పా తిప్పేషూ!" అని నవ్వాడు. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

జయంతి మాత్రం చేసుకోనంది.

ఎండిన బుగ్గ దగ్గర పట్టుకుని అడిగాను. "నేనంటే ఇష్టం ల్యాదా?"

"ఉండాది."

"మరి?"

"బుగ్గ నిండల్ల. నువ్వు దూకల్ల. అప్పుడే."

"నాకు ఈత రాదే! నేర్చుకుందామన్నా ఈ జిల్లాలో నీళ్లు యాడుండాయి?"

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పెండ్లయి పోయినాక మా ఊరు అనుకుంటే నాకు నీళ్లే గుర్తుకు రావల్ల బావా, ఈ రాళ్లు కాదు. ఇట్లా ఎండినప్పుడు దీన్ని ఇడిసిపెట్టి రాలేను."

ఆ మాటే వెళ్లి మామతో చెప్పాను.

మామ మండిపడ్డాడు. "దీపావళిదాకా చూస్తా. ఆమీట చిలమత్తూరు సంబంధం ఖాయం చేస్తా" అన్నాడు.

మబ్బు పట్టినప్పుడల్లా షాపు బయటికొచ్చి తలెత్తి చూసేవాణ్ణి. సిగ్నల్ వెతుక్కుంటున్నాననుకునేవాళ్లు కస్టమర్లు.

అక్టోబర్‌లో వాన పట్టుకుంది. చెరువులు నిండి మరవ పారాయి, రోడ్లు తెగాయి. దీపావళికి వారం ముందు జయంతి ఫోన్ చేసింది.

"బావా, బుగ్గ ఊరతాండాది!"

"ఎంత ఊరింది?"

"నువ్వు మునిగేంత."

దీపావళికి ముందు రోజు పెద్దగుండు ఎక్కి నిలబడ్డాను. కింద ఊరంతా ఉంది. అప్పుడు జయంతి గుండు ఎక్కి వచ్చింది. చేతిలో పాత బెండ్లు! ఇన్నేళ్లూ దాచిపెట్టింది.

"ఏమ్మే, బెండ్లు కట్టుకోని దూకేది యాడన్నా ఉండాదా?" అని అరిచాడు ఊరిపెద్ద ఓబుళేసు తాత.

"దూకల్లన్యారు గానీ, ఈతొచ్చినోడే దూకల్లని ఎవురన్యారు తాతా?"

ఊరు గొల్లుమంది. తాత కూడా నవ్వి, కానీమని చెయ్యూపాడు.

జయంతి ముడి బిగించింది. కళ్లు మూసుకుని దూకాను. చల్లటి నీళ్లు తల మీదుగా మూసుకున్నాయి. తర్వాత వీపున బెండ్లు నన్ను పైకి లేపాయి. నోట్లోకి పోయిన ఆ నీళ్ల రుచికి చిన్నప్పటి వేసవులన్నీ గుర్తొచ్చాయి. తేలానే గానీ ఒడ్డుకు రావడం తెలియలేదు. జయంతి గుండు దిగొచ్చి, అందరి ముందూ మళ్లీ జుట్టే పట్టుకుని లాగింది.

"నేను ఈత ఎందుకు నేర్చుకోలేదో తెలుసునా?" అన్నాను దగ్గుతూ.

"తెలుసు. అందుకే నేను నేర్పలేదు" అంది, తడిసిన ముడి విప్పుతూ.