ఆపుకున్న నీళ్ళు

జయలక్ష్మి గేటు తీసుకుని వచ్చేసరికి ఇల్లంతా యాలకుల వాసన! పండగా పబ్బమా, మధ్యాహ్నం మూడింటికి పరమాన్నమేమిటి? చేతిలో స్కానింగ్ కవరు, నడుంలో మెలిపెడుతున్న నొప్పి... ఎప్పుడు చాప మీద వాలిపోదామా అన్నట్టుంది ఆమె ప్రాణానికి. చెప్పులు విప్పుతుండగానే అత్తగారు ఎదురొచ్చి బుగ్గలు పుణికింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆవిడ కోడలి మీద ప్రేమగా చెయ్యి వేయడం అదే మొదలు!

"నా తల్లే! నా బంగారమే! ఇన్నాళ్ళకి రసజ్ఞకి తమ్ముణ్ణిస్తున్నావా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా స్కానింగుకి వెళ్ళిపోతావుటే? వీధిలో ఆరిళ్ళకీ పంచేశాను!"

పాపం, ఆవిడననీ లాభం లేదు. ఇంటి ఓనరు నర్సమ్మ ఫోన్ కబురు మోసుకొచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ఇదీ: "పెద్దమ్మా, మీ కోడలు స్కానింగ్ కాడ ఉన్నదట. నీళ్లు తాగి కూసున్నదట. లైను శాన ఉన్నదట, జర ఆలస్యమైతదని చెప్పమన్నది." మాదాపూర్‌లోనే పుట్టి పెరిగిన నర్సమ్మ చెప్పింది తాగే నీళ్ళ సంగతే! అమలాపురం నుంచి వచ్చిన అత్తగారికి మాత్రం స్కానింగ్ పక్కన నీళ్ళు వినపడ్డాక ఇంకో అర్థం తోస్తుందా? కోడలు నీళ్ళోసుకుంది! అంతే, పాలు పొయ్యి మీద పెట్టేసింది.

"అత్తయ్యా... అది కాదండీ..." జయలక్ష్మి నసిగింది. "నాకు కడుపు కాదు. కిడ్నీలకి తీశారు."

ఆవిడ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "మరి చెప్పి చావద్దూ! ఇప్పుడు నేను వీధిలో మొహం ఎలా ఎత్తుకోను?"

చూశారా! కిడ్నీలకి ఏమైందే అని అడగలేదు. వీధిలో తన మొహం సంగతే ఆవిడ బాధ!

అప్పుడే భర్త పార్థసారథి స్కూటరు ఆపుకుని వచ్చాడు. తల్లి ఆఫీసుకి ఫోన్ చేయించిందిట. చేతిలో మల్లెపూల పొట్లం! మూడేళ్ళుగా నడుం నొప్పంటే 'ఎవరికి లేదే?' అన్న మనిషి, కొడుకు పుడతాడంటే పూలు కొన్నాడు. ఆ పొట్లం చూడగానే జయలక్ష్మికి అంతవరకూ రాని ఏడుపు తన్నుకొచ్చింది. కవరు అతని చేతిలో పెట్టి గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

చదువుతూంటే అతని మొహం పాలిపోయింది. "రెండు కిడ్నీలూ వాచాయని రాశారేమిటి జయా! ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదండీ... ఆపుకున్నాను."

"ఏమిటీ?"

చెప్పింది జయలక్ష్మి. అరవలేదు, నిందించలేదు. అంత ఓపిక ఎక్కడుంది గనక! స్కానింగ్ గదిలో పొట్ట మీద చల్లటి జిగురు పూసి, డాక్టరమ్మ తెర వంక చూస్తూ అడిగిందిట, "ఎప్పటినుంచి ఆపుకున్నారమ్మా? ఇంత నిండిపోయింది!" అని. పొద్దున్నుంచీ అంటే ఆవిడ నమ్మలేదు. వెళ్ళి పూర్తిగా ఖాళీ చేసుకు రమ్మంది. వచ్చాక మళ్ళీ చూస్తే మూత్రపు సంచీ ఇంకా సగానికి సగం నిండే ఉంది! "ఆపీ ఆపీ దానికి వదలడం చేతకాకుండా పోయిందమ్మా. ఆ నీళ్ళే వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే రక్తాన్ని మిషన్ మీద శుభ్రం చేయించుకోవాల్సి వస్తుంది. ఎడమది కోలుకోవచ్చు, కుడిది చెప్పలేను," అందిట.

"ఆఫీసులో వెళ్ళలేకపోయావా?" అడిగాడు పార్థసారథి.

"ఎక్కడికండీ? బిల్డింగులు కట్టేచోట రేకుల షెడ్డు మా ఆఫీసు. నలభై మంది మగాళ్ళు. వాళ్ళకి గోడ చాలు. కూలికొచ్చే ఆడవాళ్ళు రాళ్ళగుట్టల చాటుకి వెళ్ళేవారు, ఆ గుట్టలూ పేల్చేశారు. ఫ్యాను కింద కూర్చునే పనని మీరే కదా పెట్టించారు! మూడేళ్ళలో ఒక్కసారి... ఒక్కసారైనా అడిగారా?"

అతను మల్లెపూల పొట్లం పక్కన పెట్టేశాడు.

"పోనీ, ఇంట్లో చూసుకుని వెళ్ళేదానివిగా!" అంది అత్తగారు.

జయలక్ష్మి ఆవిడ వంక చూసింది. "నాలుగింటికి స్నానం చేసి మడి కట్టుకుంటానత్తయ్యా. మీ మహానైవేద్యం అయ్యేదాకా బయటికెళ్తే మళ్ళీ తలస్నానం చెయ్యాలి. అది అయ్యేసరికి ఎనిమిదింటి బస్సు వేళవుతుంది. అందుకని నీళ్ళు తాగడమే మానేశాను."

వంటింట్లో మిగిలిన పరమాన్నం అడుగంటిన వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు. కాసేపటికి అత్తగారు గోడ పట్టుకుని కోడలి పక్కన చతికిలబడింది.

"మా అత్తగారూ నన్నిలాగే నిలబెట్టిందే..." అంది, కొడుకు వినకుండా గొంతు తగ్గించి. "నలభయ్యేళ్ళు ఆపుకున్నాను. నాకేమీ కాలేదుగా, దీనికేమవుతుందనుకున్నాను. కాలేదా? ఏడాది నుంచి తుమ్మితే చీర తడుస్తోంది! ఎవరితో చెప్పుకోను? నోరు మూసుకుని ఉతుక్కుంటున్నాను..."

"అత్తయ్యా!" జయలక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గొల్లుమన్నారు. ఇన్నేళ్ళూ ఒక్క బాధనే ఇద్దరూ చెరో మూలా దాచుకున్నారు, ఏమనాలి వీళ్ళని!

మర్నాడు తెల్లారకముందే అలవాటు ప్రకారం జయలక్ష్మి మడి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. పప్పు ఉడికే వేళకి ఏడు కావచ్చింది, పొత్తికడుపు బరువెక్కింది. అలవాటు ప్రకారమే మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుంది.

"వస్తోందా?" దేవుడి గదిలోంచి అడిగింది అత్తగారు.

"పప్పు దించి వెళ్తానండీ."

"మాడితే మాడనీ! ముందు నువ్వు వెళ్ళు! ఇవాళ దేవుడికి పళ్ళు పెడతాను. ఆయన ఏమీ అనుకోడు."

జయలక్ష్మి పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. డాక్టరమ్మ తొందరపడొద్దంది, పూర్తిగా అయ్యేదాకా పది నిమిషాలైనా కూర్చోమంది. కూర్చుంది. కొంచెం వచ్చి ఆగిపోయింది. అమ్మో... మెదలకుండా కూర్చుంది. బయట బడికీ, ఆఫీసుకీ వేళ ముంచుకొస్తోంది. ఎవరో తలుపు మీద దబదబా కొట్టారు. ఉలిక్కిపడి లేవబోయింది.

"అమ్మా, తొందరగా రా! నాకు అర్జెంటు!" రసజ్ఞ గొంతు.

"ఉష్, కొట్టకే!" అత్తగారు గబగబా వచ్చి మనవరాల్ని ఇవతలికి లాగింది. "నువ్వూ ఆపుకోకు. నర్సమ్మగారింటికి వెళ్ళు, నేను పంపానని చెప్పు, పరుగెత్తు! ఒరే సారథీ, నువ్వు అవతలికి పో. గడియారం చూడకు. మీ ఆవిడ ఇవాళ ఆఫీసుకి రాదు. ఆడవాళ్ళకో గది కడితేగానీ రాదని నువ్వెళ్ళి వాళ్ళతో చెప్పిరా."

"అలాగేనమ్మా," అన్నాడు పార్థసారథి.

అడుగుల చప్పుడు దూరమైంది. తలుపవతల అత్తగారొక్కతే మిగిలింది.

"నిదానంగా రావే తల్లీ," అంది ఆవిడ. "నేనిక్కడే కూర్చుంటాను. ఎవరినీ రానివ్వను."

జయలక్ష్మి మోకాళ్ళ మీద తల వాల్చుకుని ఏడ్చింది. ఏడుస్తూండగానే, నెమ్మదిగా, ఒళ్ళు తేలికపడింది.