తలంటు పోసుకున్న సీసా

ఆ ఉదయం లాన్‌ఫెన్ వంటింట్లో పంది కాలి పులుసు పొయ్యిమీద పెట్టి, మధ్యాహ్నం విందుకు కూరలు తరుగుతోంది. ఆమె భర్త టింగ్‌గుయ్ మాత్రం హాల్లో బీరువా ముందు కుర్చీ వేసుకుని మూతి ముడుచుకు కూర్చున్నాడు. అలిగితే ఆయనకు చెవులు కూడా వినబడవు. నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో గాలి సైతం జొన్నసారా వాసనే వేస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగం చేసినంత కాలం అక్కడి సారా కర్మాగారంలోనే పనిచేశారు. ఆయన జొన్నలు ఆవిరి పట్టే చోట, ఆవిడ సీసాలకు లేబుళ్ళు అంటించే గదిలో.

బీరువాలో ఉన్నది ఒకే ఒక్క సీసా. కూతురు యున్‌జీ పుట్టిన ఏడాది కాచిన సారా. పల్చని కాగితం చుట్టి, మెడకు ఎర్ర రిబ్బను కట్టి, పిల్ల పెళ్ళినాడు విప్పుదామని దాచాడు. యున్‌జీకి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పెళ్ళి ఊసే లేకపోయింది. పిల్ల పుట్టిన ఆ ఏట తయారైన సరుకే తక్కువ, అదీ అందరూ తాగేశారు. ఇప్పుడు అలాంటి సీసాల కోసం, పాత సారా పోగుచేసేవాళ్ళు ఇల్లిల్లూ గాలిస్తున్నారు.

తీరా పెళ్ళి కుదిరాక, టోఫు అమ్మే బావో షాన్‌ను ఇవాళే రిజిస్టరు పెళ్ళి చేసుకుంటున్నాననీ, విందు ఇంట్లోనే ఒక్క బల్ల మీద చాలనీ యున్‌జీ ఫోన్లో చెప్పేసింది. అదీ ఆయన కోపం.

“ఒక్క బల్లా!” అన్నాడు కూరలు తరిగే చప్పుడు మీదుగా. “ఊళ్ళో ప్రతి పెళ్ళికీ వెళ్ళి తిన్నాను, చదివింపులు చదివించాను. నా వంతు వచ్చేసరికి పిలవకపోతే జనం ఏమంటారే?”

“ఏమన్నా మన పులుసు చల్లారదు కదయ్యా.”

“ఆ సీసా, వంతెన దగ్గర పాత సారా కొనే చ్యూకి అమ్మేస్తా. పిల్లకి విందు అక్కర్లేదు, నాకు సీసా అక్కర్లేదు. చెల్లుకు చెల్లు!”

లాన్‌ఫెన్ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ టకటకా మొదలైంది. టింగ్‌గుయ్ చ్యూని తీసుకురావడానికి వంతెన దగ్గరికి వెళ్ళాడు.

చ్యూ టార్చిలైటూ, చిన్న త్రాసూ పట్టుకుని వచ్చాడు. లోపల సారా ఎంత ఇగిరిపోయిందో తూచి చెప్పగల ఘనుడు. బల్లమీద సీసాను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సీసా తళతళా మెరుస్తోంది. కాగితం లేదు, రిబ్బను లేదు, లేబులు లేదు.

“వదినా! ఏం చేశావమ్మా ఇది?”

“దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు పరువు పోదూ? వేణ్ణీళ్ళలో నానబెట్టి కడిగాను.”

“ఆ దుమ్మే కదమ్మా నాకు కావలసింది! లేబులు లేకపోతే ఇది ఏ ఏటిదో ఎవడు నమ్ముతాడు?”

త్రాసు సంచిలోంచి తియ్యకుండానే, టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. టింగ్‌గుయ్ పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. ఆ కేకలు మేడమీదివాళ్ళకు కూడా వినిపించాయి. సరిగ్గా అప్పుడే యున్‌జీ, టోఫు గిన్నె పట్టుకున్న బావో షాన్ లోపలికి వచ్చారు.

“ఏమైంది నాన్నా?”

“మీ అమ్మ సీసాకి తలంటు పోసింది! అయినా నీకెందుకులే, తండ్రితో పనిలేని పెళ్ళి నీది!”

యున్‌జీ కళ్ళు ఎర్రబడ్డాయి. “ఊరంతా పిలిస్తే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి గ్లాసు ఎత్తాల్సింది నువ్వే కదా నాన్నా. ఎవరు పోసినా కాదనలేవు. పోయినేడు గుండెకు స్టెంటు వేసినప్పుడు డాక్టరు ఏమన్నాడు? ఆ మాట చెబితే పంతానికి ఇంకో పది బల్లలు వేయిస్తావని చెప్పలేదు. నా పెళ్ళిరోజున నువ్వు నా పక్కన కూర్చుని కడుపునిండా తినాలి. నాకు కావలసింది అంతే.”

బావో షాన్ మెల్లగా గిన్నె కింద పెట్టాడు. “మీకు ముందే చెప్పమని నేనే పట్టుబట్టి ఉండాల్సింది మావయ్యగారూ. తప్పు నాదే.”

టింగ్‌గుయ్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంత ప్రేమను పట్టుకుని తను అవమానం అనుకున్నాడు. సిగ్గుతో, సంతోషంతో తల దించుకున్నాడు. మళ్ళీ తల ఎత్తి భార్య వంక చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లేబుళ్ళు అంటించిన మనిషి. వేణ్ణీళ్ళకు జిగురు ఊడుతుందని ఈవిడకు తెలియదా?

“లాన్‌ఫెన్, కావాలనే చేశావు కదూ?”

ఆవిడ పులుసు కలుపుతూనే జవాబిచ్చింది. “పెళ్ళికని దాచింది పెళ్ళినాడే విప్పాలి. నీ కోపం సాయంత్రానికి పోతుంది. అమ్మేసిన సీసా తిరిగొస్తుందా?”

ఆయన తన చేత్తోనే మూత తీశాడు. వాసన ఇల్లంతా కమ్ముకుంది. బొటనవేలంత గ్లాసుల్లో అందరికీ పోసి, మొదటిది భార్యకిచ్చాడు. తను ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, గ్లాసు బోర్లించి, టోఫు ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

భోజనాలయ్యాక లాన్‌ఫెన్ పిండిడబ్బా కింద నుంచి లేబులు తీసింది. చక్కగా ఆరి ఉంది, ఒక్క మూల కూడా చిరగలేదు. వెనక గంజి రాసి సీసా దగ్గరికి తెచ్చింది. టింగ్‌గుయ్ సీసాను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“కదపకు, వంకరపోతుంది.”

“నేను కదపడం లేదే,” అన్నాడు కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక. “చెయ్యే వణుకుతోంది.”