అమ్మ చెప్పే ఊరు

ఆ రోజు ఉదయం అమ్మ గొంతు పోయింది. ముందురోజు వానలో తడిసింది. రాత్రంతా దగ్గి, తెల్లారి లేచి "కాఫీ" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. కూతురికి నవ్వొచ్చింది. వాళ్ళ నాన్న, అదే మాస్టారు, మాత్రం కప్పు పట్టుకుని, ఏదో కొంప మునిగినట్టు కూర్చున్నారు.

"పోనీలే అమ్మా, ఇవాళ ఒక్కరోజైనా కారులో ప్రశాంతంగా వెళ్ళొచ్చు," అంది కూతురు.

అలా అనడంలో వింతేమీ లేదు. అమ్మ కారు ముందు సీట్లో కూర్చుందంటే ఇక నోటికి విరామం ఉండదు. "ఏమండీ, ఎర్ర లైటు", "ఏమండీ, ముందు లారీ ఆగింది", "ఆ సైకిలాయన అడ్డం వస్తున్నాడు చూడండి" అంటూ ఇంటి దగ్గర మొదలుపెడితే దిగేదాకా అదే పని. చుట్టాలందరికీ అదో వేళాకోళం. మాస్టారు కూడా నలుగురిలో, "డ్రైవరు నేనే గానీ బండి నడిపేది ఆవిడ," అని విసుక్కునేవారు. అమ్మ నవ్వేసి ఊరుకునేది.

మాస్టారంటే వయొలిన్ మాస్టారు. ఊరికి అటు చివర ఉన్న సంగీత పాఠశాలలో పిల్లలకు నేర్పుతారు. అమ్మ తన ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచీ రోజూ ఆయనతో వెళ్ళి, అక్కడి వరండాలో స్వెట్టరు అల్లుకుంటూ కూర్చుని, ఆయనతోనే తిరిగొచ్చేది. ఇక కూతురు పేరు చంటి. పెట్టిన పేరు వేరే ఉంది. ముప్ఫై దాటి, కార్ల షోరూములో అమ్మకాలకు పెద్దయినా ఇంట్లో ఇంకా చంటే. "ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే సార్," అని వచ్చినవాళ్ళతో రోజూ చెబుతుంది. అది అబద్ధం కూడా కాదు. అక్కడ రోడ్లన్నీ కార్ల కోసమే వేశారు. కాలిబాటలు కాస్త దూరం వచ్చి, ఇక చాలనుకున్నట్టు మధ్యలోనే ఆగిపోతాయి.

"ఇవాళ పాఠం మానేస్తాలేమ్మా. ఒంట్లో బాగోలేదు," అన్నారు మాస్టారు.

"గొంతు పోయింది అమ్మకి. నీకేమైంది నాన్నా? లే, లే. నా కారు రిపేరుకిచ్చాను. నన్ను షోరూం దగ్గర దింపి వెళ్ళు."

మాస్టారు అమ్మ వైపు తిరిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చంటి అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

కారు నత్తనడక నడిచింది. అమ్మ మాటిమాటికీ ఆయన మోచేతి మీద తడుతోంది. పెద్ద కూడలి దగ్గరికొచ్చేసరికి గట్టిగా రెండుసార్లు తట్టింది. "వెళ్ళమంటావా?" అంటూ ఆయన కారు ముందుకు పోనిచ్చారు. అమ్మ రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది. చంటి తల ఎత్తేసరికి ఎదురుగా ఎర్ర లైటు. కారు ముందు, పసిపిల్లను తోపుడు బండిలో పెట్టుకుని రోడ్డు దాటుతున్న ఓ ఆవిడ.

"నాన్నా, బ్రేకు!"

బండికి జానెడు దూరంలో కారు ఆగింది. ఆ తల్లి పిల్లను గుండెకు హత్తుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టాల్సిందే మరి.

"ఎర్ర లైటు కనబడలేదా నాన్నా?" అంది చంటి.

మాస్టారు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "కనబడలేదమ్మా," అన్నారు.

చంటి అమ్మ వైపు చూసింది. అమ్మ చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఇన్నాళ్ళుగా తాను నస అనుకున్నది ఏమిటో చంటికి ఆ క్షణాన అర్థమైంది.

నాన్న చూపు రెండేళ్ళుగా తగ్గుతూ వస్తోందట. ఎదుటి మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడట. కారు మానేస్తే పాఠశాల కూడా మానేయాల్సొస్తుందని ఆయన బెంగ. ఆయన బెంగ పెట్టుకుంటే చూడలేక, ఈవిడ తన కళ్ళు అరువిచ్చింది.

"తప్పే," అంది అమ్మ, గొంతు వచ్చాక. "ఆ పసిదాని ముఖం కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. తప్పు కాదని నేననను."

చంటి ఆ వారంలోనే నాన్న కారు అమ్మేసింది. ఎవరూ కాదనలేదు. "రేపట్నుంచి నిన్ను నేనే దింపి, నేనే తీసుకొస్తాను నాన్నా," అంది.

మాట తప్పలేదు. రోజూ దింపింది, రోజూ తీసుకొచ్చింది. కాకపోతే దారి పొడుగునా చెవిలో ఫోను పెట్టుకుని కొనేవాళ్ళతో బేరాలాడేది. మాస్టారు వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చునేవారు. పాఠం ముందే అయిపోయినా చంటి షోరూము మూసేదాకా ఆయన గేటు దగ్గర కాచుకోవాలి. ఇంటికొచ్చాక కూడా ఆయన పెద్దగా మాట్లాడటం మానేశారు. ఓ రోజు, "నువ్వు శ్రమ పడకమ్మా, వేరే ఏర్పాటు చూసుకున్నాం," అన్నారు. పాఠశాలవాళ్ళే బండి పంపుతున్నారు కాబోలని చంటి ఊపిరి పీల్చుకుంది.

ఆ ఏర్పాటేమిటో షోరూం అద్దంలోంచి కనబడింది.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. రోడ్డుకి అవతల బస్టాపు ఉంది. బస్టాపంటే పైకప్పూ బెంచీ ఏమీ లేవు, ఒక స్తంభం, దాని మీద బస్సు నంబరు రాసిన ఒక రేకు. ఆ స్తంభం నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ వరసగా నిలబడ్డ మనుషుల్లో నాన్న ఉన్నారు, వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని. పక్కనే అమ్మ, గొడుగు ఆయన మీదికి వంచి. వరసలో ఉన్న ఎవరో అన్నదానికి ఇద్దరూ నవ్వుతున్నారు.

"మేడమ్, ఆ నిలబడింది మీ నాన్నగారు కదూ?" అన్నాడు పక్క టేబులు కుర్రాడు. "కార్లమ్మే మీ ఇంట్లో బస్సేమిటండీ?"

చంటికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం చెప్పులు విప్పకముందే అందుకుంది. "పరువు తీయడానికే ఎక్కుతున్నారా? నేను చచ్చానా? లేక నా కారులో ముళ్ళున్నాయా?"

"అరవకు," అంది అమ్మ.

"అరుస్తాను! రెండు బస్సులు మారాలి. ఆ ఆరు వరసల రోడ్డు దాటాలి. నాకే భయం అది దాటాలంటే. కనబడని మనిషిని పట్టుకుని నువ్వెలా దాటిస్తున్నావమ్మా? రేపు ఏమైనా అయితే? నాన్నా, నువ్వు పాఠశాల మానెయ్. పిల్లల్నే ఇంటికి రమ్మందాం. లేదంటే నా కారులో రా. ఈ రెంటిలో ఏదో ఒకటి. బస్సు మాత్రం వద్దు."

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. "నీ కారులో ముళ్ళేం లేవమ్మా. మెత్తగా ఉంటుంది. తలుపేసేస్తే బయటి చప్పుడు కూడా రాదు. నాకు చూపు ఎలాగూ లేదు. అందులో కూర్చుంటే ఊరే లేకుండా పోతోంది."

"అంటే?"

"నన్ను పార్సిల్లా ఎక్కించుకుని పార్సిల్లా దింపుతున్నావు చంటీ. నీ తప్పని అనట్లేదు. నీకు నీ పనుంది."

చంటికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చేసినదానికి ఇదా మాట!" అని గదిలోకి వెళ్ళబోయింది. అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఒక్కరోజు ఆయనతో నువ్వు బస్సులో వెళ్ళిరా. నేను రాను. వచ్చాక కూడా నువ్వు వద్దంటే, వద్దే. ఆయన పాఠశాల మానేస్తారు. నేను మాట్లాడితే ఒట్టు."

మాస్టారికి మిగిలిన ఒక్క పనినీ అమ్మ తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టేసింది.

మర్నాడు చంటి సెలవు పెట్టింది. గుమ్మం దిగగానే నాన్న ఆమె మోచేతి పైన చెయ్యి వేశారు. "నువ్వు లాగకు. నడువు చాలు, నేను వస్తాను," అన్నారు. కాలిబాట తెగిపోయినచోట కంకర మీద నడిచారు. పక్కనుంచి రివ్వున పోయిన కారు గుంటలో నీళ్ళు చిమ్మి చంటి బట్టలన్నీ పాడుచేసింది. వెనక్కి తిరిగి తిట్టబోయి చూస్తే, అది తను పోయిన నెల అమ్మిన కారే.

రోడ్డు దాటే చోట మనిషి బొమ్మ పచ్చగా వెలిగింది. సగం దాటేసరికే మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. ఆగివున్న కార్లు ముందుకు ఉరకబోతున్నట్టు గుర్రుమంటున్నాయి. ఇంజన్ల వేడి కాళ్ళకు తగులుతోంది. ఈ రోడ్డు మీదే తను రోజూ అలా గుర్రుమనిపిస్తూ, దాటేవాళ్ళని చూసి "ఎంతసేపమ్మా" అని విసుక్కుంటుంది. చంటి నాన్న చేతిని గట్టిగా ఒడిసి పట్టుకుంది.

బస్సు ఎంతకీ రాలేదు. వచ్చింది కూడా ఆపకుండా పోబోతే, స్తంభం దగ్గరున్న నర్సు రోడ్డు మీదికి దిగి చెయ్యెత్తింది. "మాస్టారున్నారు, ఆపండి!" అని అరిచింది. లోపల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఏప్రను మడిచి చంకలో పెట్టుకున్న వంటాయన. అందరూ కాస్త కాస్త జరిగి కిటికీ పక్క సీటు ఖాళీ చేశారు.

"ఇవాళ అమ్మగారు రాలేదేం?" అడిగిందొకావిడ.

"సెలవిచ్చాను. మా అమ్మాయి వచ్చింది," అన్నారు మాస్టారు, గొంతులో కాస్త గొప్ప దాచుకోలేక.

"ఓ, కార్ల అమ్మాయా!" అంది ఆవిడ. బస్సు మొత్తం చంటి వైపు చూసి ముచ్చటగా నవ్వింది.

బస్సు కదిలింది. మాస్టారు కిటికీ వైపు ముఖం పెట్టి, "ఊఁ, చెప్పు," అన్నారు.

"ఏం చెప్పాలి? కుడివైపు తిరిగింది. సిగ్నలొస్తోంది. ముందు లారీ ఆగింది..."

"అవి కాదమ్మా. అవన్నీ డ్రైవరు చూసుకుంటాడు." ఆయన నవ్వారు. "కారులో ఉన్నన్నాళ్ళూ మీ అమ్మ నాకు ప్రమాదాలే చెప్పింది. పాపం, రెండేళ్ళు పక్కకి చూడలేదు. ఎక్కడ రెప్ప వేస్తే ఏమవుతుందోనని. ఇప్పుడు ఊరు చెబుతోంది. నువ్వూ చెప్పు."

చంటి కిటికీలోంచి చూసింది. రోజూ వచ్చే దారే. కానీ కారులోంచి ఎప్పుడూ ముందు కారు వీపు తప్ప ఏమీ కనబడదు. బస్సు ఎత్తుగా ఉంది. ప్రహరీ గోడల అవతల ఇళ్ళు కనబడుతున్నాయి.

"ఒక మేడ మీద... ఎవరో ముసలాయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. సగం నీళ్ళు కింద వెళ్ళేవాళ్ళ నెత్తిన పడుతున్నాయి."

"అమ్మ చెప్పింది ఆయన గురించి. ఇంకా పోస్తూనే ఉన్నాడన్నమాట. తర్వాత?"

"స్కూలు. పిల్లలు గోడెక్కి కూర్చున్నారు. ఒకడి చొక్కా తిరగేసి ఉంది. తర్వాత... ఒక ఇంటికి నీలం రంగు వేస్తున్నారు, ముందు గోడకి మాత్రమే. డబ్బా అయిపోయినట్టుంది."

ముందు సీటు వంటాయన, "అయిపోలేదమ్మా, మొగుడూ పెళ్ళాం రంగు దగ్గర పోట్లాడుకుని ఆపేశారు," అన్నాడు. చుట్టూ నవ్వులు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వారు. కారు అమ్మేశాక చంటి ఆ నవ్వు వినడం అదే మొదలు.

చంటి నాన్న ముఖంలోకి చూసింది. అది కూడా ఎన్నాళ్ళయిందో చూసి. పక్క సీట్లోనే రోజూ కూర్చోబెట్టుకుంది గానీ, కళ్ళేమో రోడ్డు మీద, చెవేమో ఫోనులో. ఆయన కనుబొమలు పూర్తిగా నెరిసిపోయాయి. అద్దాల వెనక కళ్ళు, ఆమె గొంతు ఎటునుంచి వస్తే అటు తిరిగి, ఆశగా కాచుకుని ఉన్నాయి. పరువు పోయిందని నిన్న ఈయన మీదే అరిచాను కదా అనుకుంది. "కాసేపు నోరు మూసుకుని కూర్చోలేవా అమ్మా" అని ఆ తల్లిని ఎన్నిసార్లన్నానో కదా అనుకుంది.

"ఏం చంటీ, ఆపేశావ్? ఏం కనబడుతోంది?"

"ఒకమ్మాయి నాన్నా... ఏడుస్తోంది."

"అయ్యో! ఎక్కడ? బస్టాపులోనా?"

"కాదు. బస్సులోనే."

మాస్టారు ఆమె వైపు వంగారు. మెల్లగా, "ఎందుకట?" అని అడిగారు.

"వాళ్ళ నాన్నకి కనబడట్లేదట. ఒకే ఇంట్లో ఉంటూ, ఆ సంగతి అందరికంటే ఆఖర్న తెలుసుకుందట."

ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె చెంప మీద ఆగింది. బొటనవేలితో తడి తుడిచారు.

"వాళ్ళ నాన్నేమీ అనుకోడని చెప్పు ఆ అమ్మాయికి," అన్నారు. "ఏడుపు ఆపమను. ఆయనకి ఇంకా బోలెడు ఊరు చూడాల్సి ఉంది."

చంటి ముక్కు ఎగబీల్చి, కిటికీ అద్దం మొత్తం పక్కకు జరిపి, నాన్న భుజానికి ఆనుకుని చెప్పడం మొదలుపెట్టింది.