చీకటి గదిలో మూడో గొంతు

ఆ ల్యాప్‌టాప్ చచ్చిపోయిన రోజు అక్క భోజనం ముట్టలేదు. మనిషి పోయినట్టు ఆ మొహమేమిటే అని అమ్మ కోప్పడింది. నాన్న పేపరు వెనక ముసిముసిగా నవ్వుకున్నాడు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఆ యంత్రం అక్క చేతి మీద ఉన్నంతసేపే తనకి లోకం మాటలు అందుతాయని వాడికి తెలుసు.

వాడికి చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయి. అప్పటికే మాటలన్నీ వచ్చేసిన వయసు కాబట్టి నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఇద్దరికి సరిపడా మాట్లాడతాడు. ఇప్పుడు గాజు సీసాలు చేసే ఫ్యాక్టరీలో అచ్చుల పని నేర్చుకుంటున్నాడు. కొలిమి హోరు భరించలేక అక్కడివాళ్ళంతా చెవుల్లో దూది కుక్కుకుంటే, "నాకా బాధ లేదు, పై నుంచే మూసి పంపారు" అని వాళ్ళనే నవ్విస్తాడు.

అచ్చుల మేస్త్రి యంత్రాల మధ్య నడుస్తూ పని చెబుతుంటే, అక్క ఆయన వెనకే నడుస్తూ ప్రతి మాటా టైపు చేస్తుంది. ల్యాప్‌టాప్ ఎడమ ముంజేతి మీద ఉంటుంది, కుడిచేతి వేళ్ళు టకటకమంటూ ఉంటాయి, తమ్ముడు ఆమె భుజం మీదుగా చదువుకుంటాడు. మేస్త్రి మాటకి ముందు 'మే' అని పెడుతుంది, ఫ్యాక్టరీ పెద్దసారు మాటకి 'సా' అని పెడుతుంది. ఎవరో తెలియని గొంతయితే ఒట్టి అడ్డగీత. ఆ పనిలో కిటుకు ఏమిటంటే, అర్థం కోసం ఆగకూడదు. చెవిలో పడ్డది పడ్డట్టు వేళ్ళలోకి జారిపోవాలి. మధ్యలో బుర్ర తల దూర్చిందా, రెండు మాటలు వెనకబడిపోతాం. అందుకే ఏం కొట్టిందో చాలాసార్లు ఆమెకే తెలియదు. సాయంత్రం బస్సులో తమ్ముడు చెబితే, "అవునా, అలా అన్నాడా మేస్త్రి?" అని నోరు తెరుస్తుంది.

ఆమె ఎడమ మణికట్టు ఒకసారి విరిగి అతుక్కున్నది. బరువు ఓర్చదు. పాత ల్యాప్‌టాప్ అయితే చేతి మీద పావురం వాలినంత బరువు, అంతే. దాని కోసం తిరగని దుకాణం లేదు.

"అది ఇప్పుడు రావట్లేదమ్మా," అన్నాడు ఒక దుకాణంవాడు. "కంపెనీ వాళ్ళు మన వైపు అమ్మడం మానేశారు. బయటి దేశాల నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఇది చూడండి, స్క్రీన్ ఎంత పెద్దదో."

"స్క్రీన్ సరే. మోసేది నేను కదండీ."

ఫోనే మాటలు రాసిపెడుతుందిగా అని మేనమామ ఓ సలహా పడేశాడు. అదీ చూశారు. కొలిమి హోరులో ఆ ఫోను రాసినదానికి తలా తోకా లేదు. ఇంకో వారంలో తమ్ముడికి పరీక్ష. పెద్దసారు పెట్టే ఆ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఇంతకు ముందు మూడు చోట్ల "అబ్బాయి మంచివాడే కానీ..." అని తలుపు వేసేశారు. ఇదీ పోతే వాడు మళ్ళీ ఎక్కడా అడగడని అక్కకి దిగులు.

చివరికి బస్టాండు వెనక సందులో ఒక రిపేరు షాపు పెద్దాయన దగ్గర దొరికింది. అదే రంగు, అదే మోడల్, అదే తేలిక.

"ఎవరో బాగుచెయ్యమని పెట్టి వెళ్ళి మళ్ళీ రాలేదు," అన్నాడాయన దుమ్ము తుడుస్తూ. "చాలా కాలమైంది. లోపలంతా చెరిపేశాను."

"ఏం పాడయిందండీ?"

"అదేనమ్మా నాకూ అంతుపట్టలేదు. ఏమీ పాడవలేదు."

ఇంటికొచ్చాక అక్క దాన్ని తిరగేసి చూసింది. అడుగున రంగు అడ్డంగా అరిగిపోయి ఉంది. బల్ల మీద పెట్టుకుని వాడేవాళ్ళకి అలా అరగదు. తనలాగే ఎవరో దాన్ని ముంజేతి మీద మోశారు. పాపం, ఎవరో ఏమో అనుకుంది. చేతి మీద పెట్టుకుంటే తన పాతదే తిరిగొచ్చినట్టు ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజు హాయిగా గడిచింది. రెండో రోజు సాయంత్రం బస్సులో తమ్ముడు అడిగాడు.

"అక్కా, ఆ అడ్డగీత ఆయన ఎవరు?"

అక్క పెదవులు నెమ్మదిగా కదిపింది. వాడు కొంచెం పెదవులు చదవగలడు. "ఏ అడ్డగీత?"

"మేస్త్రి మాట్లాడుతుంటే మధ్యలో 'బాగా చేస్తున్నావు' అన్నాడు. నా పేరు పెట్టి మరీ."

అక్క స్క్రీన్ తెరిచి చూసింది. ఉంది. మేస్త్రి మాటకీ మాటకీ మధ్య ఆ వాక్యం బుద్ధిగా కూర్చుని ఉంది. ఎవరో పనివాడు పక్కనుంచి అని ఉంటాడు, తన చెవి పట్టుకుని ఉంటుంది, వేళ్ళు కొట్టేసి ఉంటాయి. ఈ పనిలో అది మామూలే. మరునాడు మేస్త్రిని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వూ నేనూ మీ తమ్ముడే కదమ్మా ఉన్నది. మరి అతనేమో మాట్లాడడాయె."

"మాట్లాడతాడండీ, వినపడదంతే."

"అదేలే. అతనికి చెప్పు, రేపటి నుంచి పెందరాళే రమ్మని."

అతనికి చెప్పు. అందరూ అంతే. వాడు ఎదురుగా నిలబడి ఉన్నా, చూపు అక్క మీద, మాట అక్కతో. వాడు పైకి నవ్వేస్తాడు కానీ లోపల ఎంత కుములుతాడో అక్కకి తెలుసు. అందుకే, మూడో రోజు ఆ అడ్డగీత 'ఆకలేస్తోందా' అని అడిగినప్పుడు, నాలుగో రోజు 'నిన్న రాత్రి నిద్రపోలేదేం' అని అడిగినప్పుడు, వాడి మొహం వెలిగిపోవడం చూసి ఆమె ఒళ్ళు జలదరించింది. ఆ మాటలు తాను వినలేదు. కానీ కొట్టింది మాత్రం తన వేళ్ళే.

"అక్కా, ఆయన నాతోనే మాట్లాడతాడు," అన్నాడు వాడు గుసగుసగా. "నీతో కాదు. చూశావా?"

"చిన్నోడా, అక్కడ ఎవరూ లేరురా."

"లేకపోతే నీకెలా వినిపించింది?"

ఆమె స్క్రీన్ మూసేసింది. ఆ యంత్రాన్ని వెనక్కి ఇచ్చేద్దామని సందు దాకా వెళ్ళి, పరీక్ష గుర్తొచ్చి తిరిగొచ్చేసింది. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు గడిస్తే విసిరి అవతల పారేద్దాం అనుకుంది.

పరీక్ష రోజు ఉదయం నుంచీ వాన. సీసాల్లో బీటలు చూసే గది ఫ్యాక్టరీకి ఆ చివర ఉంటుంది. దానికి కిటికీలు ఉండవు. గోడలకి నల్ల రంగు వేశారు, తలుపుకి మందపాటి నల్ల తెర. పట్టపగలు కూడా లోపల కన్ను పొడుచుకున్నా కానరాదు. మధ్యలో బెల్టు మీద సీసాలు వరసగా కదులుతుంటాయి, వాటి వెనక ఒక్క తెల్లని దీపపు పలక. ఆ వెలుగులో సీసా ఒంట్లోని బుడగా, బీటా అన్నీ బయటపడతాయి. వేడి గాజు వాసన, నూనె వాసన, తడి గోనెల వాసన. తెర పడగానే కొలిమి హోరు కూడా ఎక్కడో దూరంగా వెళ్ళిపోయింది. సీసాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.

పెద్దసారు, మేస్త్రి, తమ్ముడు, అక్క. నలుగురే.

"ఈ వరసలో ఒక సీసా ప్రతిసారీ పగులుతోంది," అన్నాడు పెద్దసారు. "దాని అచ్చులో ఎక్కడ తప్పుందో చెప్పమను."

అక్క వేళ్ళు కదిలాయి. తమ్ముడు చదివి దీపం ముందుకి వంగాడు. సీసాలు పోతున్నాయి. వాడి నుదుట చెమట. ఒకటి ఎత్తి చూశాడు, దించాడు. ఇంకొకటి. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. మేస్త్రి చూపు నేల మీద ఉంది. అక్క మనసులో మొక్కుకుంది. దేవుడా, ఒక్కసారి...

గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె వేళ్ళు కదిలాయి.

ఈసారి ఆమె చదివింది. '- మెడ కింద. అతుకు దగ్గర చూడు.'

చెరిపెయ్యడానికి క్షణం చాలు. చెరపలేదు. తమ్ముడి ఉద్యోగం ఆ ఒక్క గీత మీద వేలాడుతోంది. ఆమె చెయ్యి పక్కకి తీసింది, వాడు చదివాడు. సీసా మెడ దీపానికి ఎత్తి పట్టాడు. వెంట్రుక మందం బీట ఒకటి తళుక్కుమంది.

"అచ్చు రెండు ముక్కలూ సరిగ్గా కలవడం లేదండీ," అన్నాడు వాడు. "మెడ కింద, అతుకు దగ్గర."

పెద్దసారు సీసా అందుకుని చాలాసేపు చూశాడు. "మా పాతకాపులకే ఇది దొరకలేదు," అన్నాడు. తర్వాత అక్కతో కాకుండా మొట్టమొదటిసారి నేరుగా వాడితోనే, "సోమవారం నుంచి రా," అని వాడి భుజం తట్టాడు. మేస్త్రి నవ్వుతూ ఆయన వెంట వెళ్ళాడు. తెర లేచి పడింది.

అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఇంటికి పోవచ్చు, అమ్మకి చెప్పాలి అనుకుంది.

వేళ్ళు ఆగలేదు.

'- చెప్పాను కదా.'

'- ఇంకా చాలా చెబుతాను.'

ఆమె చెయ్యి లాక్కోబోయింది. రాలేదు... చేతి వెనక ఇంకో చెయ్యి ఉన్నట్టు చల్లగా తగులుతోంది. గదిలో అంత వేడి... అయినా చల్లగా.

'- అక్కని ఆపనివ్వకు.'

'- ఇంకొంచెమే ఉంది.'

"చిన్నోడా, పద," అంది ఆమె వాడి కేసి తిరిగి. వాడు ఆమె పెదవులు చూడలేదు. వాడి కళ్ళు స్క్రీన్ మీద ఉన్నాయి. చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు.

ఆమె వంగి గడ్డంతో మూత కిందికి లాగేసింది. మూత పడింది. కుడిచెయ్యి ఊడి వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

దీపపు పలక ఆరిపోయింది. బెల్టు ఆగింది. సీసాల చప్పుడు ఆగింది. ఇంత చీకటి ఆమె ఎప్పుడూ చూడలేదు.

చీకట్లో వాడితో మాట్లాడాలంటే ఒకటే దారి, అరచేతిలో వేలితో రాయడం. తడుముకుని వాడి చెయ్యి పట్టుకుంది. 'పోదాం' అని రాసింది.

వాడు చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఉండక్కా," అన్నాడు. "ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు."

ల్యాప్‌టాప్ మూసే ఉంది. అది ఆమె చంకలో ఉంది.

ఆమె ఫోను తీసి దాని వెలుగు వాడి మీద వేసింది. వాడు ఆమె వైపు తిరిగి లేడు. గది మూలకి తిరిగి, తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. చెవులున్న వాళ్ళు శ్రద్ధగా వినేటప్పుడు వంచినట్టు. జ్వరం వచ్చిన నాటి నుంచీ వాడు అలా తల వంచడం ఆమె చూడలేదు. మధ్యమధ్యలో "ఊ..." అంటున్నాడు. "ఊ... అవును..."

మూలలో ఎవరూ లేరు. ఏ చప్పుడూ లేదు.

"చిన్నోడా..." అని పిలిచింది. వాడు కదల్లేదు. "ఒరేయ్..." గట్టిగా పిలిచింది. ఊహూఁ. ఆమె గొంతు వాడికి వినపడలేదు. ఇన్నేళ్ళుగా వాడికి ప్రతి మాటా మోసుకొచ్చింది తను. ఇప్పుడు వాడి చెవిలో పడుతున్న మాట ఒక్కటీ తనకి అందడం లేదు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. వెనక ఉన్న గోడకి వీపు గట్టిగా ఆనించి నిలబడింది.

వాడు విన్నాడు. పూర్తిగా విన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. తను ఎప్పుడూ వాడికి చెప్పినట్టే, ఒక్క మాట పొల్లుపోకుండా, నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, నిన్ను కొంచెం పక్కకి జరగమంటున్నాడు. నీ వెనక ఉన్నవాళ్ళకి దారి లేదట."