రాణివాసపు పిట్ట

గూళ్ళు కట్టుకునే కాలంలో పక్షికి ఫోనులో దొంగ కూత వినిపించడం నేరమో కాదో గాని, నీచం. లేని శత్రువును తరమడానికి ఆ పక్షి గుడ్లను ఎండకు వదిలి పరుగెడుతుంది. కూత వినిపించిన మనిషి ఫొటో తీసుకుని హాయిగా ఇంటికి పోతాడు. ఈ సంగతిని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పే సైన్సు టీచరు, ఆ ఉదయం మడుగు గట్టున జమ్ము వెనక మోకాళ్ళ మీద కూర్చుని సరిగ్గా ఆ పనే చేస్తున్నది.

ఆమె ఫోను బుంగ నీళ్ళలో ముంచినట్టు గుడగుడమన్నది. జమ్ముకు అవతలి నుంచి జవాబు కూడా గుడగుడమన్నది.

ఎవరి కంటా పడదు గనుక పక్షుల గ్రూపులో దాన్ని రాణివాసపు పిట్ట అంటారు. ఆ గడ్డిమైదానంలో అది వినపడి ఏళ్ళయింది. అందుకే వారం కిందట టీచరు “విన్నాను” అని రాయగానే గ్రూపంతా అభినందించింది. మర్నాడే, కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు “మడుగుకు ఇటువైపు నేనూ విన్నాను” అని రాశాడు. రెండంటే జంట! గ్రూపును నడిపేదీ, ఎవరు ఏ వైపు చూడాలో పంచేదీ టీచరు పెద్దమ్మ. లైబ్రేరియన్‌గా రిటైరైన మనిషి, నవ్వు విషయంలో పరమ పొదుపరి. ఆవిడే ఆ జంటను వేసవి పక్షుల లెక్కలో చేర్చి, తన పేరుతో ఆ సాయంత్రం అటవీశాఖకు పంపబోతున్నది.

పిట్టను ఒక్కసారైనా చూడాలని టీచరు జమ్మును మెల్లగా పక్కకు తప్పించింది. పిట్ట ఉండవలసిన చోట టోపీ ఉంది. టోపీ కింద డాక్టరు.

“ష్! కదలకండి. రాణిగారు పక్కనే ఉన్నారు,” అంటూ అతను ఫోను పైకెత్తాడు. అది గుడగుడమన్నది.

ఆమె చేతిలో ఉన్నది జవాబిచ్చింది.

ఇద్దరూ రెండు ఫోన్లనూ చూసుకున్నారు.

“మీకు సిగ్గు లేదూ? గూళ్ళున్నప్పుడు రికార్డింగు వేస్తారా? డాక్టరై ఉండి!”

“మరి మీ చేతిలో ఉన్నదేమిటండీ, సబ్బుపెట్టా?”

“నేను మొదట ఒక్కసారే వేశాను. అది జవాబిచ్చిందని...”

“నేనూ అంతే. ఇన్నాళ్ళూ మనిద్దరం కష్టసుఖాలు చెప్పుకున్నామన్నమాట.” అతను టోపీ తీశాడు. “ఒకటి ఒప్పుకోవాలి. నాకింత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ జవాబివ్వలేదు.”

“ఇచ్చింది నా ఫోను, నేను కాదు!” చెవులు మాత్రం ఆమెవే ఎర్రబడ్డాయి. “నవ్వులాటగా ఉందా? సాయంత్రం పెద్దమ్మ పేరుతో అబద్ధం పోతుంది.”

“చెప్పేస్తే?”

“రికార్డింగు వేసినవాళ్ళను ఆ వేసవికి గ్రూపులోంచి తీసేస్తుంది. చుట్టమని కూడా చూడదు. ఏడాదంతా ఈ సెలవుల కోసమే బతుకుతాను నేను.”

“నాకు వదిలెయ్యండి,” అన్నాడతను.

మగవాడు ఈ మాట అన్నప్పుడు జాగ్రత్తపడాలని ఆమె ఎన్నో పుస్తకాల్లో చదివింది. అయినా ఊరుకున్నది.

మధ్యాహ్నానికి గ్రూపులో అతని మెసేజ్: “రికార్డింగు వేసింది నేను. పాపం, టీచరుగారు అది నిజం పిట్టే అనుకున్నారు. వారి తప్పేమీ లేదు.” కిందనే ఓదార్పులు కురిశాయి. అయ్యో టీచరమ్మా. ఎవరైనా మోసపోతారు లెండి. బాధపడకండి.

పరువు తీయడానికి జాలిని మించిన పనిముట్టు ఇంతవరకూ తయారు కాలేదు.

టీచరు పశువుల ఆసుపత్రిలోకి వెళ్ళేసరికి డాక్టరు ఒక గొర్రె కాలెత్తి గిట్ట చూస్తున్నాడు.

“పాపమా? ఎవరండీ పాపం?”

“మిమ్మల్ని కాపాడదామని...”

“నేనడిగానా? ఫోనుకీ పిట్టకీ తేడా తెలియని మొద్దునని అందరూ ఓదారుస్తున్నారు!”

“తేడా తెలియలేదు కదండీ. నాకూ తెలియలేదు.”

“అది వేరే సంగతి! తప్పు నేను చేశాను, అది నాది. మీరెవరు ఎత్తుకుపోవడానికి?”

గొర్రె మధ్యలో తన అభిప్రాయం చెప్పింది.

“నగలు పోయాయని ఏడ్చేవాళ్ళను చూశాను గాని, తప్పు పోయిందని పోట్లాడేవాళ్ళను...”

“నవ్వకండి.”

“నవ్వట్లేదు, భయపడుతున్నాను.” అతను గిట్టను నెమ్మదిగా నేలకు దించాడు. “అది త్యాగం కాదండీ, స్వార్థం. నన్ను తీసేసినా మీరుంటే, వచ్చే ఏడు తిరిగి రావడానికి నాకో కారణం ఉంటుందని. నేను చేరింది పిట్టల కోసమే. ఉండిపోయింది మీరు రాసేవి చదవడానికి.”

ఆమె దారి పొడవునా కూర్చుకుని వచ్చిన తిట్లు ఇంకా సగం మిగిలి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టింది.

“ఆ గొర్రెకు కట్టు కట్టి రండి,” అన్నది చివరికి. “పెద్దమ్మ దగ్గరికి. ఇద్దరం వెళ్దాం.”

పెద్దమ్మ కంప్యూటరు ముందునుంచి లేవకుండా అంతా విన్నది.

“ముందు ఎవరు వేశారు?”

“నేను,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“ఓహో, అబద్ధంలో కూడా జంటేనా! పిట్టా లేదు, గిట్టా లేదు. అక్కడున్న నిజం పక్షులు మీ ఫోన్లకు హడలి చచ్చి ఉంటాయి. ఏమే, నువ్వు చెప్పే పాఠం పిల్లలకేనా? నీకు వర్తించదా? డాక్టరు బాబూ, మీరు చదివింది జీవాలను కాపాడడానికా, బెదరగొట్టడానికా?”

ఆవిడ లెక్కలోంచి జంటను కొట్టేసింది. తర్వాత గ్రూపులోంచి ఇద్దరినీ తీసేసింది. రెండు ఫోన్లూ చేతుల్లో చిన్నగా వణికాయి.

“ఇంకేమైనా ఉందా?”

“ఉంది పెద్దమ్మా,” అన్నది టీచరు. “వచ్చే వేసవికి మమ్మల్నిద్దర్నీ... ఒకే వైపు పంపు.”

డాక్టరు టోపీ చేతిలోంచి జారింది. తీసుకోవాలని అతనికి తోచలేదు.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి ఇద్దరినీ తీరిగ్గా చూసింది. “వచ్చే ఏడు మాట అప్పుడు చూద్దాం. ఈ వేసవి మీరు పక్షుల్ని చూడడానికి వీల్లేదు. ఒకర్నొకరు చూసుకోవద్దని నేనెక్కడా రాయలేదు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, పో.”

వాళ్ళు మెట్లు దిగి గేటు దాకా వెళ్ళారో లేదో, కిటికీలోంచి ఆవిడ కేక వినిపించింది.

“మడుగు గట్టున మాత్రం కాదు! అక్కడ పొదుగుతున్నాయి!”