క్రేన్ ఎక్కిన కూతురు

పొద్దున్నే అమ్మ టీ వడకడుతుంటే, కూతురు గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. క్రేన్ ఆపరేటర్‌గా ఆమెకు అదే మొదటి రోజు.

"ఆ బూట్లు విప్పెయ్," అన్నాడు నాన్న మంచం మీద నుంచి.

ఇరవయ్యేళ్లు క్రేన్ నడిపిన మనిషి. రెండేళ్ల కిందట, వెనక్కి వస్తున్న రోలర్ కింద పడి ఎడమ కాలు మోకాలి దాకా పోయింది. పెట్టుడు కాలు వచ్చింది గానీ, ఆయన మాత్రం మళ్లీ గడప దాటలేదు.

"ఈ ఇంట్లోంచి ఆ మిషన్లకి ఒక కాలు ఇచ్చాం, చాలు!" గొంతు పెంచాడు.

"నీ కాలు తీసింది మిషన్ కాదు నాన్నా. ఆ రోలర్‌కి మోగని హారన్. బాగు చేయించమని మూడుసార్లు చెప్పానన్నావుగా, ఎవరైనా విన్నారా?"

"నోరు లేస్తోందే నీకు!"

"దాన్ని వెళ్లనివ్వండి," అంది అమ్మ. "క్రేన్ పరీక్షలో అందరికంటే ముందొచ్చింది. మీరు బాధపడతారని నాకొక్కదానికే చెప్పుకుంది."

కూతురు టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఆయన గంటసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి పెట్టుడు కాలు తగిలించుకుని, చేతికర్ర పట్టుకుని లేచాడు.

"దాన్ని వెంటబెట్టుకొస్తా."

సైట్‌లో క్రేన్ పని ఆగిపోయి ఉంది. కూతురు క్రేన్ మెట్టు మీద కూర్చుంది, తాళంచెవి పిడికిట్లో. సూపర్‌వైజర్ మీదమీదకొస్తున్నాడు.

"మొదటి రోజే ఈ వేషాలా? స్టార్ట్ చేస్తావా, ఇంటికి పోతావా?"

"తాడు తెగేలా ఉంది సార్. కింద ఆరుగురు పని చేస్తున్నారు. మార్చేదాకా ముట్టుకోను."

నాన్న కుంటుకుంటూ వెళ్లి ఆ ఇనుప తాడు తడిమి చూశాడు. పోగులు విరిగి ముళ్లలా లేచి ఉన్నాయి. ఎందుకొచ్చాడో ఆ క్షణాన మరిచేపోయాడు.

"అయ్యా, మీరు దీని కింద ఒక్క నిమిషం నిలబడతారా? బరువు నేను లేపుతా," అన్నాడు సూపర్‌వైజర్‌తో.

అతను తాడు వంక చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆ ఆరుగురూ పలుగులు పడేసి వచ్చి తండ్రీకూతుళ్ల పక్కన నిలబడ్డారు. వాళ్ల వెనక మిగతావాళ్లంతా. గోల విని వచ్చిన ఇంజినీరు తాడు చూసి ముఖం చిట్లించాడు.

"కొత్తది తెప్పించు. ఇప్పుడే!"

మధ్యాహ్నానికి కొత్త తాడు బిగించారు. క్యాబిన్ ఎక్కబోతూ కూతురు ఆగింది.

"నన్ను తీసుకెళ్లడానికేగా వచ్చావు? పద మరి."

"ఏడిశావులే, ఎక్కు," అన్నాడు. "మిషనంటే భయం పట్టుకుందనుకున్నానమ్మా ఇన్నాళ్లూ. కాదు. మన మాట ఎవరూ వినరన్నదే నా భయం. నువ్వు వినిపించావు."

ఆమెకు కనపడేలా ఎదురుగా నిలబడి, చూపుడు వేలు పైకెత్తి గాల్లో సున్నా చుట్టాడు. లేపమని సైగ. ఉక్కు దూలం నేల వదిలి, ఊగకుండా నిటారుగా పైకి లేచింది. కింద ఈలలు, చప్పట్లు. ఆయన కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ఎత్తిన చెయ్యి మాత్రం దించలేదు.