రాకాసిగుళ్ళ కాడ పలకగూడదు

అమరాపురం తట్టు పోయే దారిలో, ఒక చిన్న పల్లెకు అవతల బోడిగుట్ట ఒకటి ఉంది. దాని వాలు మీద రాతిబండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి, పెట్టెల్లాగా కట్టిన గూళ్ళు ఉన్నాయి. ప్రతిదానికీ తూర్పు బండలో గుండ్రటి కంత. పగలు చూస్తే మేకపిల్లలు ఎక్కి ఆడుకునే రాళ్ళు. పొద్దు గూకితే మాత్రం... రాకాసిగుళ్ళు.

నిజానికి అవి సమాధులు. ఎన్ని వేల ఏండ్ల కిందటివో ఏమో. అనంతపురం నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చి ఒకదాన్ని తవ్వి చూసిపోయారు. చచ్చినవాళ్ళకు కూడా ఆకలీ దప్పికా ఉంటాయని ఆ కాలంవాళ్ళు తిండీ నీళ్ళూ పక్కన పెట్టి పూడ్చేవాళ్ళంట. వచ్చీపోయేదానికి ఆ కంత విడిచేవాళ్ళంట.

ఊరివాళ్ళ లెక్క ఇంకొంచెం ముందుకు పోయింది. పూడ్చినవాళ్ళూ పోయారు, వాళ్ళ పిల్లల పిల్లలూ పోయారు. ఇప్పుడు పెట్టేవాళ్ళు లేరు. అందుకని లోపలున్నవాళ్ళు చీకటి పడితే దారిన పోయేవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు — అదీ తెలిసినవాళ్ళ గొంతుతో. పలికావా... నువ్వింక వాళ్ళ ఇంటిమనిషివే. బతికినన్నాళ్ళూ కూడు పెట్టాలి. పెట్టకపోతే వాళ్ళే మీ ఇంటికొచ్చి పంక్తిలో కూర్చుంటారు.

కాబట్టి అక్కడ ఏం వినబడినా పలకగూడదు. అంతే.

ఈ సంగతి నాకు చెప్పింది హిందూపురం దూదేకుల గౌస్‌సాబ్. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు జరిగిందన్నాడు. ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పెద్దది. రేడియోలో ఎవరన్నా ప్రశ్న అడిగినా జవాబు చెప్పే మనిషి.

ఆ ఏడు పెద్దల అమావాస్య నాడు ఆ పల్లెలో, చౌడప్ప ఇంట్లో పరుపుల పని ముగిసింది. వాళ్ళు ఆ పొద్దు పెద్దలకు పెట్టుకున్నారు. చౌడప్ప పెండ్లాం నరసక్క దారిలో తినమని చిత్రాన్నం ఆకులో కట్టిచ్చింది గానీ, ముఖం ముడుచుకునే ఉంది. పొద్దున్నే అత్త సిద్దమ్మతో మాటామాటా పెరిగిందంట. అత్త అలిగి, చెప్పాపెట్టకుండా బస్సెక్కి ధర్మవరంలో కూతురింటికి పోయి ఉంటుందని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు.

చౌడప్ప ఆయన్ను ఆ రాత్రికి ఉండిపొమ్మన్నాడు. గొర్రెల ముత్యాలప్పకు ఆ సాయంత్రమే గుళ్ళ కాడ పిలుపు వినబడిందనీ, మందను వదిలేసి పరిగెత్తుకొచ్చి దుప్పటి ముసుగేసుకున్నాడనీ చెప్పాడు. గౌస్‌సాబ్ నవ్వాడు. ఆగితే కడపటి బస్సు తప్పిపోతుంది. దూదేకే విల్లు భుజాన వేసుకుని బయలుదేరాడు.

గుట్ట కాడికి వచ్చేసరికి మసక వెలుతురు కూడా పోతోంది.

గాలి లేదు. కీచురాళ్ళు కూడా లేవు. తన చెప్పుల చప్పుడు ఒకటే... అది బండలకు తగిలి వెనక్కి వస్తుంటే, ఇంకెవరో తోడు నడుస్తున్నట్టుగా ఉంది. ఆగాడు. అదీ ఆగింది. మళ్ళీ నడిచాడు—

“గౌసూ...”

గొంతు బండలోంచి వచ్చింది. ఎండిపోయిన బావిలో మాట్లాడినట్టు గుయ్యిమంటోంది. ఆడో మగో తెలియడం లేదు.

గౌస్‌సాబ్ తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. లోపల్లోపలే అల్లాను తలుచుకున్నాడు.

“గౌసూ... యాడికి పోతాండావు?”

జవాబు నాలుక మీదికి వచ్చేసింది. తువ్వాలును గట్టిగా కొరికి ఆపుకున్నాడు.

కాసేపు ఏమీ లేదు. వదిలిపెట్టిందనుకున్నాడు. అడుగు తీసి అడుగు వేశాడు. అప్పుడు—

“పోతే పో. మీ నాయన ఏకినట్ల ఏకేది నీకు యాడొస్తాది... నీ పరుపు ఏడాది తిరక్కుండానే ఉండలు కడతాదంట.”

తువ్వాలు నోట్లోంచి జారి కింద పడింది.

“ఎవరన్నారు ఆ మాట?”

అనేశాడు. అనేసినాక గానీ ఏం చేశాడో తెలియలేదు.

“పలికితివి,” అంది గొంతు, మెల్లగా, తృప్తిగా. “ఇంగ తినేదానికి ఏమన్నా ఇయ్యి.”

కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఎండుపుల్లలాంటి చెయ్యి, మోచేతి దాకా మట్టి. అరచెయ్యి చాపి, ఆగి ఉంది.

గౌస్‌సాబ్ మూట విప్పి చిత్రాన్నం పొట్లం ఆ చేతిలో పెట్టాడు. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉంటాయనుకున్నాడు... వెచ్చగా ఉన్నాయి. అందుకే ఇంకా ఎక్కువ భయమేసిందన్నాడు నాతో.

చెయ్యి లోపలికి పోయింది. ఆకు విప్పిన చప్పుడు. నమిలే చప్పుడు. అదీ ఆగింది.

“ఉప్పు తక్కువ,” అంది గొంతు. “పొద్దున చెప్తే నా మీద ఇంతెత్తున లేచె.”

అంతవరకే విన్నాడు. ఎట్లా తిరిగాడో, ఎట్లా పరిగెత్తాడో, ఊళ్ళో చౌడప్ప అరుగు మీదికి వచ్చి పడ్డాడు.

జనం చేరారు. పలికాడని తెలిసి, ఎవరికి వాళ్ళు ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగారు. వేపమండలు తెమ్మని ఒకరు, దర్గా ఫకీరుకు కబురు పెట్టమని ఒకరు. గౌస్‌సాబ్ రొప్పుతూనే అంతా చెప్పాడు — పరుపు మాట, చెయ్యి, చివరికి ఉప్పు సంగతి.

గడపలో నిలబడి వింటున్న నరసక్క ముఖం మారింది. కొక్కేనికి ఉన్న లాంతరు తీసుకుంది.

“దెయ్యాలకు నా వంటతో ఏం పని?” అంది. “అది మా అత్తే.”

అని ఒక్కతే చీకట్లోకి నడిచింది. ఆడమనిషి ముందు పోతుంటే ఉండలేక, మగవాళ్ళు గడ్డపారలు తీసుకుని వెనక బయలుదేరారు. గౌస్‌సాబ్ అందరికంటే వెనక.

సిద్దమ్మే. మధ్యాహ్నం అలిగి ఇల్లు దాటిన ముసలామె, బస్సు కాడికి పోలేదు. ఇంట్లో పెద్దలకు పెట్టిన దాంట్లోంచి ఇంత కొంగున కట్టుకుని గుళ్ళ కాడికి పోయింది. కంతలో పెడితే కుక్కలు లాక్కుపోతాయని, పగిలిన పక్కబండ సందులోంచి లోపలికి దూరింది. బయటికి రాబోతూ ఆ బండను ఊతగా పట్టుకుంటే అది జారి సందు మూసుకుపోయింది.

గడ్డపారలు వేసి బండ ఎత్తి బయటికి లాగారు. దుమ్ము కొట్టుకుపోయి, దెయ్యం కంటే అన్యాయంగా ఉంది. రావడం రావడమే తిట్లు మొదలుపెట్టింది. పొద్దుగూకులూ అరిచిందంట. ముత్యాలప్పను పేరు పెట్టి పిలిచి, తాను ఫలానా అని చెబితే, వాడు కట్టె పారేసి పరిగెత్తాడంట. పేరు చెబితే ఎవరూ నిలవరని అర్థమయ్యే, గౌసును నోట్లో నోరు పెట్టి ఆపిందంట. లేకపోతే తెల్లారేసరికి తానూ ఆ గూట్లో మనిషే అయి ఉండేది.

నరసక్క కొంగుతో అత్త ముఖం తుడుస్తోంది.

“వీళ్ళకు పెట్టాలని ఎందుకు తోచింది అవ్వా?” అని గౌస్‌సాబ్ అడిగాడు.

“మనోళ్ళకు మనం పెడితిమి. మీరు మీ పండగకు గోరీల కాడ దీపం పెడతారు. వీళ్ళకెవరుండారు రా?” అంది.

ఆకలైనప్పుడు అదే తినొచ్చు కదా అని ఎవరో అన్నారు. వాళ్ళకు పెట్టింది తానెట్లా తింటానని కసురుకుంది. అందరూ నవ్వారు. భయం దిగిపోయిన నవ్వు.

చౌడప్ప చెంబుతో నీళ్ళు అందించాడు. సిద్దమ్మ చేత్తో పక్కకు నెట్టింది.

“వద్దు నాయనా. దప్పిక లేదు.”

మధ్యాహ్నం నుంచీ ఎండకు కాలిన రాతిపెట్టెలో ఉన్న మనిషి. ఎవరికీ అర్థం కాలేదు.

“లోపల ఇచ్చిరి గదా,” అంది. “కూడు వాళ్ళకే కరువు గానీ, నీళ్ళు ఇచ్చిరి.”

నవ్వు ఆగిపోయింది. చౌడప్ప లాంతరు కంత కాడికి ఎత్తి, మళ్ళీ ఏమనుకున్నాడో దించేశాడు. గౌస్‌సాబే ఎవరిచ్చారని అడిగాడు.

సిద్దమ్మ ఆలోచించింది. ఊరంతా అవ్వా అని పిలిచే ఆ మనిషి ముఖంలో, లాంతరు వెలుతురులో, చిన్నగా సిగ్గులాంటిది కనబడింది.

“చీకట్లో ముఖం యాడ కనపడ్తాది? చిన్న చెయ్యి... చల్లగా ఉండె. ‘తాగు పాపా’ అనె. నన్ను పాపా అనేటోళ్ళు ఈ ఊళ్ళో ఇంగెవరుండారు?”